గుమ్మానికి తల వంచిన కారు

మీ ఇంట్లో ఏదైనా వస్తువు చెడిపోతే మీరు మొదట చూసేది ఆ వస్తువునా, లేక ఇంట్లో ఉన్న ఒక మనిషి ముఖాన్నా? తొందరపడి జవాబు చెప్పకండి. అడిగి ఉంటే మా మామ కూడా వస్తువునే చూస్తానని గట్టిగా చెప్పేవాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు కచేరీలు చాలావరకు గుడారాల్లో నడిచేవి. గట్టిగా గాలి వీస్తే ఒక శాఖ కాగితాలు ఇంకో శాఖలో పడేవి. నేను ఆ ఊళ్ళో బడిపంతుల్ని. సాయంకాలం కాగానే సైకిలు షాపు మీది గదిలో మా వాదసభ మొదలయ్యేది. శకునాలు, జాతకాలు, దయ్యాలు, ముహూర్తాలు, వేటి మీదనైనా నేను ఎంతసేపైనా మాట్లాడగలిగేవాణ్ణి. వింటున్నవాళ్ళు కిందికి దిగి సైకిలు బాగుచేయించుకుని వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండేవాణ్ణి.

మా మేనమామది బనగానపల్లె అవతల ఒక పల్లె. భూములున్నాయి, మామిడితోట ఉంది. రాజధాని ఇంత దగ్గరికి వచ్చాక మంత్రుల్ని చూడటానికి ఎద్దులబండిలో పోతే మర్యాదగా ఉండదని మద్రాసు నుంచి ఒక పాత కారు తెప్పించాడు. చాలా ఎత్తైన కారు. అందులో తలపాగా తీయకుండా కూర్చోవచ్చు. ఆ ఒక్క సుగుణం చూసే మామ దాన్ని కొన్నాడని నా అనుమానం.

కారు ఊరికి వచ్చింది, ఇంటి తలవాకిలి దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఆ వాకిలికి రెండు పక్కలా రాతి కంబాలు, వాటి మీద అడ్డంగా ఒకే ఒక కడప నాపరాతి బండ. కారు నెత్తి ఆ బండ కంటే జానెడు ఎత్తు.

ఈ సమస్యను ఎవరికి చెప్పినా, బండను పైకి లేపండి అంటారు. మామ కూడా అదే అనుకుని, అనుకున్నవాడు ఊరుకోక, సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి మా మామకు వాస్తు చెప్పేవాడు, ముహూర్తం పెట్టేవాడు, ఏ పొలంలో ఏ విత్తనం వెయ్యాలో కూడా చెప్పేవాడు. ఆయన బండను కిందినుంచి మీదికి చూసి, తలవాకిలి బండ కదిలిస్తే ఇంటి పెద్దకు గండమన్నాడు. ఇంటి పెద్ద మామే. ఆ క్షణం నుంచి మామకు ఆ బండ ప్రాణంతో సమానమైపోయింది. కారును వీధిలో ఉంచుదామంటే ఊరి దిష్టి తగులుతుంది. కడకు రాయి వంగదు కాబట్టి కారు వంగింది. కమ్మరిని పిలిపించి, చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలు నాలుగూ విప్పించి, ఒక్కోదాంట్లోనుంచి కొన్ని ఇనుప బద్దలు తీసేయించారు. కారు జానెడూ కుంగింది. మామ తలపాగా తీయకుండానే కారు బండ కిందినుంచి లోపలికి పోయి, లోపలినుంచి బయటికి వచ్చింది.

వచ్చింది గాని, తిన్నగా రాలేదు.

ఈ సంగతి నాకు ఆ తర్వాత బడికి సెలవులిచ్చినప్పుడు తెలిసింది. బనగానపల్లెలో బస్సు దిగి నిలబడ్డాను. నన్ను తీసుకుపోవడానికి మామ కారు పంపాడు. దూరాన కనబడింది. నా వైపు రావడం లేదనిపించింది, రోడ్డు పక్కనున్న టీ అంగడి వైపు మూతి పెట్టి వస్తున్నది. టీ అంగడివాడు బెంచీ లాక్కున్నాడు. కారు మాత్రం అంగడినే చూస్తూ చూస్తూ నా ముందుకే వచ్చి ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. ఆ ఊరి సాయిబు. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, నోటికి అదుపు లేనివాడు.

"మూతి చూసి మోసపోవద్దు అయ్యోరా. ఇది చూసేది ఒక తట్టు, పోయేది ఒక తట్టు."

"ఎప్పటినుంచి?"

"ఒంగినప్పటినుంచి. ఒకసారి కర్నూలు పోయొచ్చినాము. ఆడ నేర్చుకున్నిందని ఊర్లో అంటాండారు."

ఎక్కి కూర్చున్నాను. స్టీరింగును అతను ఎడమకు పట్టుకునే ఉన్నాడు. కారు తోకేమో రోడ్డుకు ఎడమ అంచుకు పోతున్నది, మూతి కుడికి. ఎదురుగా వచ్చే బండ్లవాళ్ళు మేము వాళ్ళ మీదికే వస్తున్నామనుకుని ఎద్దుల్ని చేలోకి దింపేసి, మేము దాటిపోయాక మా ముత్తాతల దాకా తలుచుకుంటున్నారు.

"బాగు చేయించలేదా?"

"యాల చెయ్యలేదు! నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించినాము. బూడిదగుమ్మడికాయ కొట్టినాము. నేనైతే మా పీరు దగ్గర తాయెత్తు తెచ్చి స్టీరింగుకు కట్టినా. ఇదో చూడు. ఏమీ గిట్టలే దీనికి." అతను గొంతు తగ్గించాడు. కారులో మేమిద్దరమే ఉన్నాం, అయినా తగ్గించాడు. "ఇప్పుడు ఇంగోటి చేస్తాండారు. మీ చిన్నమ్మను పంపిస్తాండారు అయ్యోరా."

"యాడికి?"

"శ్రీశైలానికి. ఈ అమాస దాటినాక. ఆత్మకూరు దాకా ఈ కార్లోనే, ఆపైన అడివిలో నడక. ఆడ సత్రంలో పెట్టి వస్తారంట. మళ్ళీ తీసుకొచ్చేది లేదంట."

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు, మామకు కూడా చెల్లెలే. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే అన్న ఇంటికి వచ్చింది. ఆ ఇంట్లో పొద్దున మొదట పొయ్యి రాజేసేది ఆమె, అందరూ తిన్నాక చివర తినేది ఆమె. కారు కుంగిన తర్వాత మొదటిసారి వాకిలి దాటుతున్నప్పుడు ఆమె పక్క సందులోనుంచి చెనక్కాయ, అదే వేరుశనగకాయ, పొట్టు బుట్టతో ఎదురొచ్చిందట. బొట్టు లేని ముఖం, అందులోనూ చేతిలో పొట్టు. కారు పక్కకు నడిచి గడ్డివామిలోకి దూరింది. సిద్ధాంతి వామి దగ్గరికి వచ్చి, గడ్డిలోనుంచి పైకి తేలిన మామతో, దోషం కారులో లేదు, ఇంట్లో ఉందన్నాడట.

ఏ మనిషి దోషం వల్ల కారు చెడిందంటున్నారో, ఆ మనిషిని ఆ కారులోనే ఎక్కించి పంపాలని నిర్ణయించారు. ఇంత తెలివిని నేను వాదసభలో కూడా ఎదుర్కోలేదు.

ఇంటి దగ్గర నన్ను దింపి కారు లోపలి వాకిట్లోకి పోయింది. దాని వెనకే కోపంతో తలవాకిలి వైపు నడుస్తున్నవాణ్ణి, దుమ్ములో కారు జాడలు చూసి ఆగిపోయాను. బండి పోతే రెండు గీతలు పడతాయి. కారుకు ముందు రెండు చక్రాలు, వెనక రెండు. వెనకవి ముందువాటి జాడలోనే పోవాలి, గీతలు రెండే కనిపించాలి. ఇక్కడ నాలుగు గీతలున్నాయి. వెనక చక్రాలు తమ దారిన తాము పోతున్నాయి.

మామ అరుగు మీద ఆకువక్క నములుతున్నాడు. సిద్ధాంతి పక్కనే ఉన్నాడు.

"ఏమిరా అల్లుడా, కారెట్లా ఉండాది?"

"కారుకేం మామా, చిన్నమ్మను చూసి సిగ్గుతో పక్కకు పోతాంది. మనం మనుషులమేనా! ఇరవయ్యో శతాబ్దంలో ఉండి..."

"మొదలుపెట్టినాడు," అన్నాడు మామ సిద్ధాంతితో. "ఇది మీ సైకిలు షాపు కాదప్పా. నీకు తెలిస్తే కారు చూడు. తెలియకపోతే వచ్చి కూడు తిను."

నా జీవితంలో ఎవరైనా నా ఉపన్యాసాన్ని అంత ఉపయోగకరంగా ఆపింది లేదు. పంచె ఎగగట్టి కారు కిందికి దూరాను. కుంగిన కారు కాబట్టి దూరడం మాటలు కాదు. బొజ్జ ఉన్న ఏ హేతువాదికీ ఆ పని సాధ్యపడదు. నాకు అప్పట్లో బొజ్జ లేదు.

కారుకు వెనక ఇరుసు రెండు కమాను కట్టల మీద కూర్చుని ఉంటుంది. కట్ట ముందుకొన కారు చట్రానికి ఒక చీలతో బిగించి ఉంటుంది. ఆ చీల నుంచి ఇరుసు దాకా దూరం రెండు పక్కలా ఒకటే ఉండాలి. ఉంటేనే ఇరుసు అడ్డంగా, తిన్నగా ఉన్నట్టు. నేను ఒక తాడు తీసుకుని కుడివైపు కొలిచి ముడివేశాను. ఎడమవైపు పెట్టి చూస్తే ముడి దగ్గర ఇరుసు లేదు. మూడు వేళ్ళ వెడల్పు వెనక్కి ఉంది. ఎడమ చక్రం వెనకబడింది, ఇరుసు ఏటవాలుగా కూర్చుంది, అందుకే తోక ఎడమకు పోతున్నది.

దుమ్ముతో బయటికి వచ్చి తాడు చూపించాను.

"తాడు సాగింటాదిలే," అన్నాడు మామ.

"ఆ తాడు ఎక్కడిది నాయనా?" అన్నాడు సిద్ధాంతి.

"పెరట్లో బట్టలారేసేది."

"ఎవరి బట్టలు?"

చిన్నమ్మ బట్టలు కూడా దాని మీదే ఆరేవి. సిద్ధాంతి తల ఆడించాడు. మామ కూడా ఆడించాడు. నా కొలత అక్కడితో రద్దయిపోయింది. వాదసభలో ఎదుటివాడి మాటను కొట్టేయాలంటే కనీసం ఒక కారణం చెప్పాలి. ఇక్కడ తాడు మీద ఆరిన చీర చాలింది.

అప్పుడు నాకు మామ చేతికర్ర కనబడింది. తాతల నాటి కర్ర. అది సాగుతుందనిగానీ దానికి దోషముందనిగానీ అనే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు, ముఖ్యంగా మామకు లేదు. దాన్ని లాక్కుని, ఆయన ఆకువక్క పెట్టెలోనుంచే వేలితో ఇంత సున్నం తీసుకుని మళ్ళీ కిందికి దూరాను. కుడివైపు కొలిచి కర్ర మీద సున్నం గీత పెట్టాను. ఎడమవైపు కొలిచి ఇంకో గీత. బయటికొచ్చి కర్ర ఆయన ఒళ్ళో పెట్టాను.

మామ రెండు గీతల మధ్య మూడు వేళ్ళు ఆనించి చూశాడు. తిప్పి చూశాడు. సొంత కర్రతో వాదించలేకపోయాడు.

"కమ్మరోణ్ణి పిలవండ్రా," అన్నాడు.

కమ్మరి వస్తూనే చేతులు అడ్డంగా ఊపాడు. "నా పనిలో తప్పులేదు అయ్యోరా. బండి ఇరుసులు నూరు జేసినా. బద్దలు తియ్యమన్నారు, తీసినా. మళ్ళీ బిగించమన్నారు, బిగించినా."

"ఎడమ కట్టకు బద్దల్ని కలిపి పట్టే బోల్టు నడిమధ్యన ఉండాదా?"

"ఏ కట్టకైనా మధ్యనే కదా ఉండేది!"

కాదు. జాకీ పెట్టించి ఎడమ చక్రం పైకెత్తి చూశాం. ఇరుసు కూర్చునేది ఆ బోల్టు దగ్గరే. ముందు కట్టలకు బోల్టు సరిగ్గా మధ్యలో ఉంది, అవి ఎటు తిప్పి బిగించినా ఒకటే. వెనక కట్టలకు మాత్రం బోల్టు కొంచెం ఒక పక్కకు ఉంది. ఒక సగం పొట్టి, ఇంకో సగం పొడుగు. పొట్టి సగం ముందుకు రావాలి. కుడి కట్టకు అలాగే ఉంది. ఎడమ కట్టకు పొడుగు సగం ముందుకొచ్చింది. అంటే ఆ కట్టను ముందువెనకలుగా బిగించారు.

"ఎందుకు తిప్పినావు?" అన్నాను.

"నేను తిప్పలేదు. బొట్టు పెట్టిన తట్టు ముందుకు రావాలన్నారు, అట్లే బిగించినా."

"ఏం బొట్టు?"

కమ్మరి సిద్ధాంతి వైపు చూశాడు. సిద్ధాంతి తలవాకిలి బండ వైపు చూశాడు. అప్పుడు వంటింటి కిటికీలోనుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. వచ్చినప్పటినుంచీ నేను ఆమె మాట వినడం అదే మొదలు.

"విప్పినాక పూజ చేసిరి గదరా. నాలుగు కట్టలూ చాప మీద పెట్టి, తూరుపు కొనకు పసుపు పూసి బొట్టు పెట్టిరి. అందులో ఒకటి తిరగబడి పండుకున్నింది. మొగుడూపెండ్లాలు అలిగి ఒకరి తల ఒకరి కాళ్ళ కాడ పెట్టుకోని పండుకుంటారే, అట్లా. నేను చూస్తానే ఉండా."

"చూసి చెప్పకపోతివా?" అని మామ అరిచాడు.

"ఎట్ల చెప్తా అన్నా? పూజ కాడికి రాకూడదంటిరి. నోరు తెరిస్తే అపశకునమంటిరి. కిటికీలోనుంచి చూసినదానికి గూడా తలుపెయ్యమంటిరి."

డ్రైవరు అందుకున్నాడు. "అయితే సామీ, బొట్టు ఉన్నది ముందుకొచ్చినందుకు కారు చెడింది. బొట్టు లేనిది ముందుకొచ్చిందని ఈయమ్మను పంపిస్తాండారు." మామ అతన్ని ఒక్క చూపు చూశాడు. అతను నోరు మూసుకుని స్టీరింగుకున్న తాయెత్తు విప్పడం మొదలుపెట్టాడు.

ఎడమ కట్ట విప్పాం. దాని ముందుకొన మీద పసుపూ బొట్టూ ఇంకా ఉన్నాయి. మద్రాసు మురికిలో రాయలసీమ కుంకుమ. కమ్మరి దాన్ని గడ్డితో తుడవబోయాడు, మామ వద్దన్నాడు. తుడవకుండానే తిప్పి బిగించారు, బొట్టు తోక వైపుకు పోయింది. మళ్ళీ చేతికర్రతో కొలిచాను. రెండు వైపులా ఇరుసు ఒకే గీతకు వచ్చింది.

ఇక నేను ఊరుకోలేదు. ఇన్నేళ్ళ వాదసభల్లో ఒక్కసారైనా కళ్ళముందు రుజువు చూపించే అవకాశం రాలేదు, ఇప్పుడొచ్చింది. చిన్నమ్మను అదే సందులోనుంచి, అదే చెనక్కాయ పొట్టు బుట్టతో, సరిగ్గా కారుకు ఎదురుగా రమ్మన్నాను. కారు తిన్నగా పోతుంది, మూఢనమ్మకం వీధిలో చస్తుంది, నేను అరుగెక్కి నాలుగు మాటలు చెబుతాను. అంతా ఏర్పాటు చేసుకున్నాను.

చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి నా వైపు చూసింది.

"వాళ్ళు నన్ను చెడు శకునమన్న్యారు. నువ్వు మంచి శకునం చేయాలంటావు. కారు మళ్ళీ యాడన్నా గుద్దుకుంటే నువ్వు బస్సెక్కి పోతావు, నేను శ్రీశైలం పోతా. నేను ఎదురు రాను పోరా."

అది వాదసభ అయితే చప్పట్లు ఆమెకే పడేవి.

"మరేం చేస్తావు?"

"కార్లో కూచుంటా." నిదానంగా నడిచి వచ్చి, వెనక తలుపు కాదు, ముందు తలుపు తీసింది. మామ కూర్చునే సీటు. "ఎట్లాగూ నన్ను దీంట్లోనే పంపాలనుకుంటిరి గదా. తోక యాడికి పోతాదో, మూతి యాడికి పోతాదో నేనే చూస్తా. ఇదిగో అప్పా, నడుపు."

డ్రైవరు మామను చూశాడు. మామ చేతిలోని కర్రను చూసుకున్నాడు, దాని మీది సున్నం గీతల్ని చూసుకున్నాడు. "పోనీ," అన్నాడు.

కారు బండ కిందినుంచి బయటికి వచ్చింది. మూతి ఎటు ఉందో అటే పోయింది. గడ్డివామి పక్కనుంచి, చావిడి ముందునుంచి, ఊరు దాటి మామిడితోట మలుపు దాకా పోయి తిరిగి వచ్చింది. మేమందరం తలవాకిట్లో నిలబడ్డాం. మామ మాత్రం కారును చూడలేదు. రోడ్డు మధ్యలో ఒంగి దుమ్ములో కర్ర ఆనించుకుంటూ జాడలు చూస్తూ నడిచాడు. గీతలు రెండే. తిరిగొచ్చిన కారు హారను కొడితే గాని పక్కకు జరగలేదు.

చిన్నమ్మ దిగలేదు. "అన్నా, రాజధాని అంటాండారే, అది ఈడికి ఎంత దూరం? గుడారాలంట గదా. సంతలో మాదిరి ఉంటాయా?"

మామ గొంతు సవరించుకున్నాడు. "రేపు పోదాంలే. నేను గూడా వస్తా." కొంచెం ఆగి, "నేను వెనక కూచుంటా," అన్నాడు.

శ్రీశైలం మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. చిన్నమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళకు శ్రీశైలం పోయింది, తనకు బుద్ధి పుట్టినప్పుడు, రోడ్డు పడ్డాక. పోయి వచ్చింది కూడా.

నా గెలుపు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. సాయంత్రం అరుగు మీద చేరిన నలుగురికీ సిద్ధాంతి వివరిస్తున్నాడు. "బొట్టు తూర్పు తిరిగి ఉంది, దాన్ని పడమర తిప్పించాం. దోషం అక్కడే కట్టయింది." నలుగురూ తలలూపారు. నేను లేచి నిలబడి, ఇరుసు, చీల, బోల్టు, పొట్టి సగం, పొడుగు సగం అంటూ మొదలుపెట్టాను. చీకటి పడేసరికి నలుగురిలో ఒక్కడు మిగిలాడు. ఆయనకు చెవుడు. తలవాకిలి బండ ఇప్పటికీ అంతే ఎత్తున ఉంది. ఆ ఇంటికి వచ్చే పొడుగువాళ్ళందరూ ఇప్పటికీ దానికి తల వంచే లోపలికి పోతున్నారు.

నవ్వుకున్నారు కదా. నవ్వింది చాలు, ఇప్పుడు లేవండి. మీ ఇంట్లో చెడిపోయినదాని కిందికి ముందు మీరు దూరండి, రెండు వైపులా కొలవండి. దుమ్ము అంటితే అంటనివ్వండి. ఆ తర్వాత నేరుగా వంటింటి కిటికీ దగ్గరికి పోయి, మీరు ప్రయాణానికి బయలుదేరే ప్రతిసారీ లోపలికి తప్పుకునే ఆమెను పేరు పెట్టి పిలవండి. ఏం చూసిందో అడగండి. చెప్పేదాకా వినండి. విన్నాక ముందు తలుపు తీసి, ముందు సీట్లో ఆమెను కూర్చోబెట్టండి. రేపు కాదు, ముహూర్తం చూసి కాదు, ఈ పూటే.